ముందు ఎవరి ఫైళ్ళు

"ఏదో ఒకటి కెలికి ఉంటావు," అన్నారు మా ఆయన, గుమ్మం దగ్గరే నిలబడి.

ల్యాప్‌టాప్ బల్ల మీద బోర్లా పడి ఉంది. మరలన్నీ సాసర్లో ఉన్నాయి. పాత హార్డ్ డిస్కు వారం రోజులుగా టిక్కుటిక్కుమంటూ మొరాయిస్తుంటే కొత్తది తెప్పించి, పొద్దుటి నుంచీ నేనే బిగిస్తున్నాను. బిగించాను సరే, అసలు డిస్కే లేదంటోంది ఆ మాయదారి ల్యాప్‌టాప్. మూడుసార్లు విప్పాను, మూడుసార్లు బిగించాను. నడుము విరిగిపోతోంది.

నేను కాలేజీ ల్యాబులో అసిస్టెంటుని. నాలుగేళ్ళుగా విద్యార్థుల కోసం ప్రయోగాల పుస్తకం రాస్తున్నాను. "మీరు ఖాళీయేగా" అంటూ మా హెడ్డు తన పాఠాలు టైపు చేయించుకోగా మిగిలిన సమయంలో, ఇంట్లో అంట్లు, బట్టలు, అందరి మందుల వేళలూ పోగా మిగిలిన సమయంలో రాసుకున్నాను. ఈ సాయంత్రం ఐదింటికల్లా అది అచ్చువేసేవాళ్ళకు చేరాలి, లేకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. అదంతా ఆ పాత డిస్కులో ఉంది. ఇంకోచోట దాచుకోలేదా అని అడగకండి. దాచిన పెన్‌డ్రైవును ఆయన ఆఫీసుకు పట్టుకెళ్ళి, మొత్తం చెరిపేసి వాడుకున్నారు. "అందులో ఏవో నీ కాగితాలేగా" అన్నారు. నేను కూడా ఊరుకున్నాను, అదీ నా తెలివి.

ఆయన తమ్ముడికి ఫోన్ చేసి నాకిచ్చారు. అది మీవల్ల అయ్యేది కాదు వదినా, షాపులో ఇచ్చేయండి అన్నాడు మా మరిది. ఆదివారం ఏ షాపు తెరిచి ఉంటుందో మాత్రం చెప్పలేదు. జన్మలో ఒక్క మర విప్పిన పాపాన పోలేదు గాని, సలహాకేం తక్కువ లేదు.

రెండు డిస్కులూ చేతిలో పక్కపక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు వెలిగింది. కొత్తది సన్నం. అరలో వదులుగా కదులుతూ, కొస సాకెట్లోకి పూర్తిగా దిగడం లేదు. మాత్రల డబ్బా అట్ట చింపి, రెండు మడతలు పెట్టి కింద దూర్చాను. ఈసారి గుర్తించింది. "నువ్వు చెప్పినట్టే చేశాంరా, పని చేసింది," అని ఆయన తమ్ముడికి చెప్పడం, నేను వంటింట్లోకి వెళ్తుంటే వినిపించింది. అతను చెప్పింది షాపులో ఇచ్చేయమని. నవ్వు కూడా రాలేదు.

కొత్త డిస్కు సిద్ధమయ్యేలోగా వంట ముగించి, బట్టలు మడతపెట్టి వచ్చాను. పాత డిస్కును బయటి నుంచి తీగతో కలిపాను. మూలిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఎంతసేపు తిరుగుతుందో దానికే తెలియాలి. ఆ సంగతి ఆయనకూ చెప్పాను.

"అయితే ముందు నాది ఎక్కించు, సినిమాలతో సహా. తర్వాత అమ్మ ఫోటోలు. నీవేమన్నా ఉంటే ఆఖర్న చూసుకో," అని టీవీ ముందుకు వెళ్ళిపోయారు.

నా చెయ్యి దానంతట అదే ఆయన ఫోల్డరు మీదికి పోయింది. రెండు గంటల పది నిమిషాలు పడుతుందని చూపించింది. గడియారంలో నాలుగు కావస్తోంది. నాది మొత్తం నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాల కోసం కూడా, ఆయన ఏమంటారోనని గుమ్మం వైపు చూశాను. చూసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయనది ఆపేసి, నా పుస్తకం ఎక్కించాను. ఒక్కో ప్రయోగం కొత్త డిస్కులోకి చేరుతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చేరింది. వెంటనే అచ్చువాళ్ళకు పంపేశాను.

మా అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. తన ఫోటోలు పోయాయా అని మెల్లగా అడిగారు. ఆవిడ ఈ ఇంట్లో గట్టిగా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఇద్దరం కూర్చుని అవన్నీ ఎక్కించాం.

ఆ తర్వాతే ఆయన ఫోల్డరు మొదలుపెట్టాను. మూడో వంతు కూడా కాకముందే డిస్కు గట్టిగా టక్కుమంది. ఇక ఎంత చేసినా తిరగలేదు.

ఆయన వచ్చి తెర వైపు, నా వైపు, అత్తయ్య వైపు చూశారు.

"అందరివీ వచ్చాయి, నావే రాలేదా?"

"మీ వంతు వచ్చేసరికి అయిపోయిందండీ," అన్నాను.