ధార తెగని గిన్నె

వెండి ఉగ్గుగిన్నెను నేను. నా మాటను వెంటనే నమ్మవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. ఒక మరణం జరిగినప్పుడు నేను అక్కడ ఉన్నాను. అలా ఉన్నవారి సాక్ష్యాన్ని కొంచెం తూచి పుచ్చుకోవడమే మంచిది.

నన్ను బందరులో బ్రహ్మలింగాచారి అనే పనివాడు చేశాడు. పెడనలో మగ్గాలున్న ఒక ఇంటి పెద్దావిడ తన కాళ్ళ కడియాలు తెచ్చి ఇస్తే, వాటిని కరిగించి నాకు అరచేతిలో ఇమిడే పొట్టనూ, పొడవాటి ముక్కునూ అమర్చాడు. అప్పగించే ముందు నాలో నువ్వులనూనె పోసి వంచాడు. నూనె దారంలా, ఎక్కడా చిట్లకుండా జారింది. "ధార తెగలేదు. గిన్నంటే ఇదీ," అన్నాడు. దాన్ని నేను ప్రశంసగానే తీసుకున్నాను. అది నా దోషానికి పెట్టిన పేరేమోనన్న అనుమానం కలగడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ ఇంటి కోడలు నాంచారమ్మ. ఆమె తొలికాన్పు ఏడో నెలలోనే అయింది. పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు, సన్నగా మూలిగింది. అత్తగారు ఒక్కసారి చూసి, దీనికి వెండి గిన్నె ఎందుకు, ఉన్నన్నాళ్ళు దూదితో పట్టండి అంది. దూది ఒత్తిని పాలలో ముంచి పెదవి మీద ఒక చుక్క పిండేవారు. పిల్ల దాన్ని మింగడానికి చాలాసేపు పట్టేది. మింగాక ఇంకో చుక్క. ఎవరికీ ఆశ లేదు గనుక ఎవరికీ తొందరా లేదు. ఆ పిల్ల బతికింది. దుర్గాంబ అని పేరు పెట్టారు.

రెండో కాన్పు ఎనిమిదో నెలలో. మగపిల్లవాడు, కాస్త కండ పట్టినవాడు. గుంటమగ్గాల చప్పుడును మించి ఏడ్చాడు. ఇంత గట్టిగా ఏడ్చేవాడు అంత గట్టిగానూ తాగుతాడని ఇంటిల్లిపాదీ నమ్మారు. అత్తగారు మురిసిపోయి నన్ను చింతపండుతో తోమించింది. మూడో రోజున కాళ్ళు బారచాపి, పిల్లవాణ్ణి వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి నన్ను వంచింది. నా ధార తెగలేదు. రెండు గుక్కలు దిగాయి. మూడోదానికి వాడు ఏడవబోయి ఆగిపోయాడు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. సాయంత్రానికి లేడు.

ఎనిమిదో నెల పిల్లలు నిలవరని ఇరుగుపొరుగు తేల్చేశారు. దిష్టి అని అత్తగారు, పాలు పడలేదని మంత్రసాని. నిందకు చోటు వెతకడంలో మనుషులు చూపే ఓర్పు, కారణం వెతకడంలో చూపరు. నాంచారమ్మ మాత్రం నా ముక్కు వైపు చాలాసేపు చూసింది. నన్ను నూలుపెట్టె అడుగున పడేసి, పైన పాత చీరలు కప్పింది.

మళ్ళీ నేను వెలుతురు చూసేసరికి దుర్గాంబ కూతురు హేమలతకు బెజవాడ ఆస్పత్రిలో కాన్పయింది. నెలలు నిండలేదు. మగపిల్లవాడు, ఎనిమిదో నెల, గట్టిగా ఏడుస్తున్నాడు. ఈ మూడు మాటలూ ఫోనులో విన్న నాంచారమ్మ మగ్గం ఆపేసి బస్సెక్కింది.

నెలతక్కువ పిల్లల గదిని ఎస్తేరు సిస్టర్ చూసుకునేది. ఆమెకు అమ్మమ్మల మీద గురి తక్కువ. వాళ్ళ సంచుల్లో ఒకసారి తేనె, ఒకసారి ఆముదం దొరికాయట. పిల్లవాడికి ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి పాలు ఎక్కిస్తున్నారు. ముప్పై నాలుగో వారం వచ్చాక గిన్నెతో మొదలుపెడతామనీ, ఎవరి ఉగ్గుగిన్నె వాళ్ళు ముందే తెచ్చి మరగబెట్టడానికి ఇవ్వాలనీ ఆమె చెప్పింది. పాత కథ తెలియని దుర్గాంబ పెడన వెళ్ళి నూలుపెట్టె వెతికి నన్ను తెచ్చి ఇచ్చింది.

మరిగే నీళ్ళలో నన్ను నాంచారమ్మ గుర్తుపట్టింది. ఎవరూ చూడనప్పుడు పట్టుకారుతో తీసి, కొంగులో చుట్టి, రొంటిన దోపుకుంది. ఆ మధ్యాహ్నమే, ఆమె మనవరాలి పక్కన కూర్చుని ఉండగా, పిల్లవాడి నోటి చివర పాలు కనిపించాయి. ఊపిరిని కనిపెట్టే యంత్రం కూసింది. ఊపిరి ఆగింది, పెదవులు అదే నేరేడు రంగు. సిస్టర్ పరుగున వచ్చి, నోరు తుడిచి, అరికాలు తట్టి, ఊపిరి రప్పించింది. తర్వాత గిన్నె లేకుండా మరుగుతున్న నీళ్ళను చూసింది. నాంచారమ్మ నడుము దగ్గర ఎత్తును కూడా చూసింది.

సాక్ష్యం ఇంత చక్కగా అమరినప్పుడు నేనైనా నమ్మేదాన్ని.

"అమ్మమ్మగారూ, బాబుకి ఏం పట్టారు?"

"ఏం పట్టలేదమ్మా."

"మరి గిన్నె మీ దగ్గరెందుకుంది?"

ఇక రేపటినుంచి ఈ గది గడప తొక్కనివ్వనని సిస్టర్ అనేసింది. హేమలత తన అమ్మమ్మ ముఖంలోకి చూడలేక గోడ వైపు తిరిగింది. అప్పుడు నాంచారమ్మ నన్ను తీసి బల్లమీద పెట్టింది.

"పట్టడానికి కాదు, పట్టకుండా ఉండటానికి దాచాను. ఇది నా కొడుకుని మింగింది."

ఎస్తేరు సిస్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఓదార్చలేదు, ప్రశ్నలు అడిగింది. ఎన్నో నెల, ఎలా పడుకోబెట్టారు, ఎన్ని గుక్కలు, మరి మొదటి పిల్లకు దేంతో పట్టారు. జవాబులన్నీ విని, పిల్లవాడి పొట్ట మెల్లగా తాకి చూసి, మొదట తన అనుమానాన్నే వెనక్కి తీసుకుంది. ఈ పాలు ఎవరూ పోసినవి కావు, పొట్టలోంచి పైకి వచ్చినవి. నెలలు నిండిన బిడ్డకైతే అలా వచ్చినప్పుడు అన్నవాహిక తనంతట తాను బిగుసుకుని పాలను కిందికి తోసేస్తుంది, పైనున్న ద్వారం మూసుకుంటుంది, బిడ్డ ఇంకోసారి మింగుతాడు. వీళ్ళకు అది ఇంకా కుదరదు. కంగారులో ఊపిరే ఆగిపోతుంది. కడుపులో ఉన్నప్పుడు ఉమ్మనీరు మింగడం నేర్చుకుంటారు గానీ, అక్కడ గాలి పీల్చే పని లేదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడం ముప్పై నాలుగో వారం దగ్గరికి గానీ మొదలవదు. గట్టిగా ఏడవడానికీ దీనికీ సంబంధం లేదు.

"మగ్గం మీద పడుగు దారాలు విచ్చుకున్నాకే పేక నాడె విసరాలి," అంది నాంచారమ్మ. "విచ్చుకోకముందు విసిరితే దారాలు తెగుతాయి. అంతేనా అమ్మా?"

"అంతే, అమ్మమ్మగారూ."

"అయితే ఆశ లేని పిల్లకి ఆగి ఆగి పట్టాం. ఆశ ఉన్నవాడికి ఆగకుండా పోశాం."

యాభై ఏళ్ళ కిందటి సంగతి ఇప్పుడు ఖాయంగా చెప్పలేమని సిస్టర్ అంది. నిజమే, రుజువు లేదు. కానీ దిష్టి, పాలు, ఎనిమిదో నెల అన్న మూడు అనుమానాలూ ఒక్కొక్కటిగా లేచి వెళ్ళిపోయి, నాలుగోది నా ఎదురుగా కూర్చుంది.

ముప్పై నాలుగో వారం దాటిన ఉదయం పిల్లవాణ్ణి తల ఎత్తుగా ఉండేలా హేమలత ఒడిలో పడుకోబెట్టారు. నన్ను పట్టుకున్న ఆమె మణికట్టు కింద నాంచారమ్మ తన చెయ్యి ఆనించింది. నా ముక్కు కింది పెదవి మీద ఆనింది.

"తడిపి ఆగు," అంది నాంచారమ్మ. ఆమె కళ్ళు పిల్లవాడి కుత్తుక మీద ఉన్నాయి, పడుగు విచ్చుకోవడం చూసే నేతమనిషి కళ్ళలాగా. నాలుక కదిలింది. కుత్తుక ఒకసారి పైకి లేచి దిగింది. ఊపిరి. "ఇప్పుడు," అంది. మళ్ళీ ఒక చుక్క. మళ్ళీ, "ఆగు."

ఏడో చుక్క తర్వాత లోపలినుంచి ఏదో పైకి వచ్చినట్టు వాడి ముఖం ముడుచుకుంది. యంత్రం మీద అంకె తగ్గడం మొదలైంది. హేమలత నన్ను లాగేసింది. సిస్టర్ చెయ్యి ముందుకు వచ్చి, తాకకుండా ఆగింది. ఎవరూ ఏమీ పోయకుండానే కుత్తుక లేచి దిగింది. ఊపిరి వచ్చింది. అంకె పెరిగింది.

"తనే మింగేశాడు," అంది నాంచారమ్మ. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నేను హేమలత వంటింట్లో కళ్ళకెదురుగా ఉంటాను. పిల్లవాడికి నా అవసరం తీరి చాలా నెలలైంది. నాంచారమ్మ వచ్చినప్పుడల్లా నన్ను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెడుతుంది. ఆమె నన్ను క్షమించిందని నేను అనుకోను. క్షమించకపోవడమే భద్రమని నా అభిప్రాయం. ఆ ఉదయం బ్రహ్మలింగాచారి గనుక చూసి ఉంటే, ఇది పనికిరాని గిన్నె అని అక్కడికక్కడే కరిగించేసి ఉండేవాడు. ఇరవై నిమిషాల్లో నా ధార ముప్పైసార్లు తెగింది.