బిస్కెట్ పొడి

క్యాతగానచెర్లులో ఓబమ్మ పొలం సోలార్ పార్కుకు కౌలుకు పోయాక గొర్రెలకు మేత కరువైంది. ప్యానెళ్ల చుట్టూ కంచె పడింది. మందలో సగం సంతకు తోలారు. మిగిలినవాటిని మాత్రం ఆమె వదల్లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ గొర్రెల వెంట నడిచిన మనిషి. ఒక్కోదాని తల్లినీ, ఆ తల్లి తల్లినీ ఎరుగును.

కొడుకు గిరీశ్ ఆ పార్కులోనే ప్యానెళ్లు కడిగే పనికి పోతాడు. ఎండలు ముదరక ముందే అతను హిందూపురం వైపు బిస్కెట్ ఫ్యాక్టరీ నుంచి ఆటోలో మూటలు తెచ్చి దింపాడు. విరిగినవీ మాడినవీ కలిపి మర ఆడించిన పొడి. ఎండిన వేరుశనగ మేతలో పిడికెడు కలిపి పెట్టమన్నాడు. ఎక్కువైతే కడుపులో పులుస్తుందని మరీమరీ చెప్పాడు. ఓబమ్మ అట్లాగే పెట్టింది. గొర్రెలకు ఒళ్లొచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లిదానికి పిల్లకు చాలినన్ని పాలూ పడ్డాయి.

ఉగాది దాటేసరికి వేరుశనగ మేత అయిపోయింది. కొనుక్కురావడానికి మంగళవాడ పోయిన గిరీశ్, మేత తేవడానికి బండి కుదరక ఆ రోజు తిరిగి రాలేకపోయాడు. పొద్దెక్కేకొద్దీ దొడ్లో అరుపులు ఎక్కువయ్యాయి. కంచె వెంబడి తిప్పుకొచ్చినా ముళ్లకంప తప్ప ఏమీ దొరకలేదు. బొల్లిది వచ్చి ఆమె కొంగు నోట కరుచుకుంది. ఓబమ్మకు ఇక ఉండబట్టలేదు. మూట విప్పి తొట్టి నిండా పొడి కుమ్మరించింది. అవి ఎగబడి తింటుంటే పక్కనే కూచుని వీపులు నిమిరింది.

మరునాటి పొద్దుటికి ఒక్కటీ నెమరు వేయడం లేదు. డొక్కలు ఉబ్బి, పళ్లు కొరుకుతూ ఎక్కడివక్కడ కూలబడ్డాయి. మేతతో వచ్చిన గిరీశ్ తొట్టి చూశాడు. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. డాక్టరు సోడాపొడి నీళ్లు పట్టించి, సూదులు వేశాడు. కొన్ని లేచి నిలబడ్డాయి. బొల్లిది మాత్రం ఓబమ్మ ఒడిలో తల పెట్టి ప్రాణం విడిచింది. దాని వెనకే మరికొన్ని పోయాయి.

"నేనే సంపుకుంటినప్పా," అందామె.

"వాటి ఆకలి సూడలేక పెట్టినావు. అంతేలేమ్మా."

"మేపుకునేదానికి బయలు ఉన్నింటే, నా సేతుల్తో ఆ పొడి పెట్టే పనేముండె?"

పొలం కౌలు కాగితం మీద తల్లి చేత వేలిముద్ర వేయించింది గిరీశే. గడ్డపార తీసుకుని దొడ్డి వెనక్కి పోయి గుంత తవ్వాడు. చచ్చినవాటిని పూడ్చేదాకా ఓబమ్మ అక్కడే నిలబడి ఉంది. ఏడవలేదు.

సాయంత్రం అతను తొట్టిలో ఉత్త మేత వేశాడు. బతికినవి దాని జోలికి పోకుండా మెల్లగా ఓబమ్మ దగ్గరకే వచ్చి, ఆమె అరచేతుల కోసం మూతులు చాచాయి. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుంది.