మిస్సింగ్

ఇంజన్ మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు మళ్ళీ తొణికాయి. జోగులు వంగి చూసి, మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుని, "ఏటే నీ ఏడుపు?" అన్నాడు. అడిగింది ఇంజన్నే. మనుషులతో అంత చనువుగా అతను ఎన్నడూ మాట్లాడి ఎరగడు.

ఆ గ్లాసు పద్ధతి అతనికి మెకానిక్ పని నేర్పిన మేస్త్రిది. నిండా నీళ్ళు పోసి, ఆడుతున్న ఇంజన్ నెత్తిన పెట్టాలి. నీళ్ళు కదలకపోతే బండి బాగున్నట్టు, తొణికితే లోపలెక్కడో తేడా ఉన్నట్టు. చింతపల్లి రోడ్డులోని ఆ రేకుల షెడ్డుకు వచ్చేవన్నీ లారీలూ, ఏజెన్సీ జీపులూను. అవి గ్లాసెడు నీళ్ళూ ఒలకబోసినా జోగులు పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ఈ కారు మాత్రం అలాంటిలాంటిది కాదు. ఎప్పుడో విశాఖలో ఏ షావుకారో మోజుపడి కొన్న విదేశీ కారు. తోలు సీట్లు, నున్నటి చెక్క అతికిన డాష్‌బోర్డు. కొత్తలో ఇది ఆగి ఉంటే ఇంజన్ ఆడుతోందో లేదో తెలిసేది కాదట. ఇప్పుడు మన్యం జ్వరం తగిలిన మనిషిలా ఒకటే వణుకు.

దాన్ని ఇప్పుడు కొన్నవాడు చిట్టిరాజు, రోలుగుంటలో జీడితోటల రైతు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అనుకుని పాతదైనా ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా! "రాజూ, నీ కారులో పెరుగు కుండెట్టు, ఊరు సేరేసరికి ఎన్న తేలిపోద్ది," అని ఆటపట్టించారు. పాపం, రెండు రోజులుగా షెడ్డులో బల్ల మీద కూర్చుని, పెళ్ళికూతురి అలంకరణకి కాపలా ఉన్నట్టు ఆ బానెట్ వంకే చూస్తున్నాడు.

తప్పు కొంత జోగులుదే. కారు రాగానే చెవి ఒగ్గి విని, "మిస్సింగ్ కొడతంది బాబూ, ప్లగ్గులే," అని తేల్చేసి ప్లగ్గులన్నీ మార్చాడు. వణుకు తగ్గలేదు. నిన్న ఒక్కో సిలిండరుకూ కరెంటు తప్పించి చూస్తే అన్నీ సమంగానే పనిచేస్తున్నాయి. అంటే రోగం ఒక గదిలో లేదు, ఇల్లంతటికీ వచ్చే గాలిలో ఉంది. ఆ సంగతి తట్టేసరికి చీకటి పడింది. ఎడమ చెయ్యి బరువెక్కి, పానా పట్టు జారి కింద పడింది. పెళ్ళాం గున్నమ్మ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు.

అక్కడ డాక్టరుగారు కాగితం మీద గీతలు చూసి, గుండె కొట్టుకోవడం మధ్యమధ్య మిస్సవుతోందనీ, ఆలస్యం చెయ్యకుండా విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళాలనీ చెప్పారు. చీటీ కూడా రాసిచ్చారు. జోగులు చెవికి ఒక్క మాటే ఎక్కింది. అది అతను పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ వింటున్న మాట మరి.

గున్నమ్మ సంచీ పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి అతను కారు కిందనుంచి పాక్కుంటూ బయటికి వస్తున్నాడు. గడ్డం నిండా మసి, వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా వదలని నలుపు. అరిగిపోయిన బొటనవేలి గోరు. మనిషి చిన్నవాడే, చేతులే పెద్దవి.

"ఏటి మావా, ఇంకా సొక్కా అయినా మార్సనేదు! పొద్దున్న బస్సు పోయింది. మజ్జాన్నందైనా ఎక్కుదావా నేదా?"

"బానెట్టు లేసుందే. దింపీసి వొచ్చెత్తాను."

"డాక్టరుగారు బేగెల్లమన్నారు గదా!"

"ఏటన్నారు? గుండె మిస్సింగ్ కొడతందన్నారు. అంతే గదేటి! మిస్సింగ్ కొట్టిన బండి ఒణుకుతాది, పొగొదుల్తాది. ఆగిపోదే. మిస్సింగ్ బండితోటి చింతపల్లి ఘాటీ ఎన్నిసార్లెక్కనేదు?"

ఆ మాట అంటూ నవ్వాడు కూడాను. గున్నమ్మకి ఒళ్ళు మండింది. "నాకు పిల్లా నేదు, పీచూ నేదు. ఉన్నది నువ్వొక్కడివే. నీకేటైనా అయితే ఈ కారొచ్చి నాకు గంజోత్తాదేటి?" అంది. అనేశాక తల తిప్పుకుంది.

జోగులుకు జాలి వేసింది. కానీ ఏం చేస్తాడు? "బానెట్టు లేపినోడే దించాల" అన్నది మేస్త్రి మాట. విప్పిన బండిని వదిలేసి ఊరు దాటకూడదు, ఇంకొకడి చేత మూయించకూడదు. నాతవరం నుంచి లాగూతో వచ్చి నట్లు కడిగిన నాటినుంచీ ఆ మాట జవదాటలేదు. తండ్రి పోయిన కబురు వచ్చిన రోజున కూడా ఒక జీపు బానెట్ దించాకే కదిలాడు. తలకొరివికి ఆలస్యమైందని అన్నదమ్ములు నానా మాటలూ అన్నారు.

"ఎల్లిరా జోగులన్నా. నా కారుకేటి తొందర? ఊరోళ్ళు ఇంకో నాల్రోజులు నవ్వుకుంతారు," అన్నాడు చిట్టిరాజు, గున్నమ్మ మొహం చూడలేక.

"అయిపొచ్చింది బాబూ," అన్నాడు జోగులు.

గున్నమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఓ మూల పాత టైరు మీద కూర్చుంది. ఇంజన్ మీదున్న గ్లాసు ఆమె పుట్టింటి సారెలోది. అంచు కింద ఆమె తండ్రి పేరు చెక్కించి ఉంటుంది. దాన్ని ఆయిలు పాలు చేశాడని కాపురానికొచ్చిన కొత్తల్లో మొదలుపెట్టిన సణుగుడు నేటికీ ఆపలేదు. ఇంట్లో ఇన్ని గ్లాసులుండగా అదే ఎందుకో అతనూ చెప్పలేదు.

ఇంజన్ బాగా వేడెక్కింది. జోగులు ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో గాలి పోయే దారంతా వెతుక్కుంటూ పోయాడు. అడుగున, చెయ్యి కూడా సరిగా దూరని చోట, సన్నగా "సుయ్" మంది. దోసెడు నీళ్ళు చిలకరించాడు. ఒక్క క్షణం వణుకు ఆగి, మళ్ళీ మొదలైంది. దొరికింది దొంగ! బెత్తెడు రబ్బరు పైపు, కడుపు కింద పగులు. చల్లగా ఉన్నంతసేపూ నోరు మూసుకుని, వేడెక్కితేనే తెరుస్తోంది. గోటితో పోయేదానికి రెండు రోజులు గొడ్డలి పట్టుకు తిరిగానే అని తనని తాను తిట్టుకున్నాడు.

ఇంజన్ ఆపి, పాత పైపు లాగేసి, అదే లావున్న కొత్త ముక్క కోసి తొడిగి, క్లిప్పు బిగించాడు. ఆఖరి చుట్టుకి ఎడమ దవడ లాగింది. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. బంపరు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మిస్సింగే, అనుకున్నాడు. రేపు విశాఖలో వాళ్ళూ ఇలాగే ఓ పైపు మారుస్తారు.

గ్లాసు నిండా మళ్ళీ నీళ్ళు పోసి ఇంజన్ నెత్తిన పెట్టాడు. "రాజుబాబూ, మూడు టీలు తేండి. గున్నా, తాగీసి ఎల్లిపోదాం," అన్నాడు. చిట్టిరాజు పరుగులాంటి నడకతో రోడ్డు దాటాడు.

జోగులు సీటు మీద గోనెపట్టా పరుచుకుని, మసి అంటకుండా జాగ్రత్తగా కూర్చుని తాళం తిప్పాడు. లేచిన బానెట్ కింద సందులోంచి గ్లాసు కనబడుతోంది. నీళ్ళు ఒకసారి ఊగాయి. తర్వాత సర్దుకున్నాయి. అద్దంలా నిలిచిపోయాయి. డాష్‌బోర్డులోంచి ఏసీ చల్లటి గాలి మొహానికి తగిలింది. ఎంత మెత్తని సీటు! జోగులు మొదటిసారి వీపు వెనక్కి వాల్చాడు.

టైరు మీదనుంచి గున్నమ్మ చూస్తూనే ఉంది. చప్పుడు లేదు కనుక బండి ఆపేశాడనుకుంది, కునుకు తీస్తున్నాడనుకుంది. పోనీలే, అలిసిపోయాడు, టీ వచ్చాక లేపుదాం అనుకుంది. ఆ అనుకోవడమే ఆమెను బతికినన్నాళ్ళూ కోసింది.

చిట్టిరాజు టీ గ్లాసులతో వచ్చి, "అన్నా, ఆపీసినావేటి?" అంటూ బానెట్ మీద చెయ్యి వేశాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది. అతని మొహం విప్పారింది. "ఓరి నీ తస్సాదియ్యా, అన్నా!" అంటూ తలుపు తీశాడు. టీలు నేలపాలయ్యాయి.

తరవాత అన్నీ అయ్యాయి. గున్నమ్మ ఏడుపుకి పక్క షెడ్లవాళ్ళు పరుగెత్తుకొచ్చారు, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు, అక్కడ చెయ్యి పట్టుకు చూసి తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం బస్సు ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. అంత సందడిలో ఎవరో తాళం తిప్పి ఇంజన్ ఆపారు. అది ఆగిందన్న సంగతి చెవులకు తెలియలేదు.

సాయంత్రం సంచీ కోసం గున్నమ్మ షెడ్డుకు వచ్చింది. చిట్టిరాజు కళ్ళు తుడుచుకుంటూ, షెడ్డు మూసేద్దామని బానెట్ దించబోయాడు.

"ఉంచీ బాబూ," అంది. "ఆడు లేపింది. ఆడే దించాల."

ఆమె సంచీ తీసుకుంది. గ్లాసు జోలికి వెళ్ళలేదు. తెరిచిన బానెట్ కింద, చల్లారిన ఇంజన్ మీద, తండ్రి పేరు చెక్కిన ఆమె సారె గ్లాసు అంచు దాకా నీళ్ళతో అలాగే ఉంది.