సుక్రు పేరు

కాఫీ పళ్ళ తొక్క వలిచే పల్పర్ చక్రం తిప్పుతున్న బేబి చేతుల మీద వాటి రసం ఎండి బంకలా పట్టేసింది. ఒక పక్క ఎర్రటి తొక్కలు కుప్పపడుతున్నాయి, రెండో పక్క జిగురు గింజలు తొట్టెలోకి జారుతున్నాయి. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ముక్కుకు రెండు వైపులా పుడకలు. చక్రం బిగుసుకున్నప్పుడల్లా కుడికాలు వెనక్కి వేసి నడుముతో తోస్తుంది. మొగుడు సుక్రు పోయాక ఆమెనూ ఇద్దరు ఆడపిల్లలనూ నిలబెట్టింది ఈ పనే.

"బేగి కానీయే. సబకెల్లాల," అంది గింజలు కడుగుతున్న సోములమ్మ. "మళ్ళీ అదే అడుగుతావేటి?"

"అదే అడుగుతాను."

"పోయినసారి ఎవులూ పలకనేదు."

"ఈసారి పలుకుతారు."

మబ్బు చూసి వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది బేబి.

సుక్రును చంపింది ఊరివాళ్ళే. అదే ఊళ్ళో చిట్టి అనే ఆమె కొడుకు ఉదయ్ జ్వరంతో పోయినప్పుడు, సుక్రు చిల్లంగి పెట్టాడని ఎవరో అన్నారు. చేతబడి మాట ఒకసారి పుట్టాక ఆపేవాడు లేకపోయాడు. చిట్టి మొగుడు ఫల్గుణ, అతని తమ్ముడు కలిసి పోడు చేలో సుక్రును నరికేశారు. ఇద్దరూ జైల్లో ఉన్నారు.

ఏటా గ్రామసభ మొదట్లో పోయినవాళ్ళ పేర్లు చదివి అందరూ లేచి నిలబడతారు. ఆ ఏడు పాము కరిచి పోయినవాడి పేరు చదివారు. జీపు బోల్తాపడి పోయినవాడి పేరు చదివారు. సుక్రు పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. అప్పటినుంచి బేబి పని లేని రోజుల్లో బస్సెక్కి, రంపచోడవరం వైపు ఊళ్ళదాకా వెళ్ళి, ఇలాగే మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళ తలుపులు తట్టింది. కొందరు తియ్యలేదు. తీసినవాళ్ళు ఇప్పుడు తమ ఊళ్ళ సభల్లో తమవాళ్ళ పేర్లు అడుగుతున్నారు.

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు ముందు టార్పాలిన్ పరదాలు పరిచారు. సర్పంచ్ రవిబాబు మైకు అందుకోగానే బేబి లేచింది. చేతుల మీది బంక ఇంకా పూర్తిగా వదల్లేదు.

"కేసు అయిపోనాది కదా బేబీ," అన్నాడు రవిబాబు. "సిచ్చ పడింది. ఇంకేటి కావాల?"

"సిచ్చ కోర్టేసింది. ఊరేటి సెప్పింది? నా మొగుడు సిల్లంగోడు కాదు. సంపేసిన మడిసి. ఆ మాట ఊరు ఒక్కపాలి మైకులో సెప్పాల. మేం సావు జరిగిన ఇంటోళ్ళం. మమ్మల్ని సూసి దోవ మార్చుకుంటే ఎలాగ?"

 ఆమె కూర్చోలేదు.

"సిట్టి గుంటడు ఉదయ్ పేరు కూడా సదవండి. నా మొగుడి పేరుతోపాటు ఆడి పేరూ ఎత్తడం మానేసినారు. ఆడు జొరంతో పోనాడు. అది కూడా సెప్పండి."

ఆడవాళ్ళ వరసలో చివరనున్న చిట్టి తలెత్తింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"సదవండి," అంది.

రవిబాబు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "సుక్రు. ఊరోళ్ళు సంపేసిన సుక్రు. ఉదయ్. జొరంతో పోయిన ఉదయ్."

సోములమ్మ లేచింది. తర్వాత ఆమె పక్కనున్నవాళ్ళు. మగవాళ్ళలో కొందరు కింద కూర్చునే ఉండిపోయారు. బేబి వాళ్ళ వైపు చూడలేదు. ఆ రెండు పేర్లూ ప్రతి ఏడూ చదవాలని తీర్మానం రాయించి, వేలిముద్ర వేసి, మళ్ళీ పల్పర్ దగ్గరికి వెళ్ళింది.

పొద్దు వాలాక బేబి ఇంటి వాకిట్లో చిట్టి నిలబడి ఉంది.

"అక్కా, మంచినీళ్ళు."

చిల్లంగి భయంతో ఆ ఇంట్లో బయటివాళ్ళు నీళ్ళు తాగి ఏళ్ళయింది. బేబి బిందెలో గ్లాసు ముంచి తెచ్చిచ్చింది. చిట్టి అరుగు మీద కూర్చుని, ఎత్తిపోసుకోకుండా, పెదవి ఆనించి తాగింది.

"సాలూరు అవతల మా అమ్మోళ్ళూరు ఎల్లిపోతన్నాను. రేపు జీపుకి."

"ఉండిపోరాదా?"

"ఆడి పేరు సదివినారు. ఇంక ఎల్లగలను."

 చిట్టి లేచి, బేబి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, వెనక్కి చూడకుండా వాలు దిగిపోయింది. అరుగు మీద స్టీలు గ్లాసు మిగిలింది, అంచున తడి ఆరకుండా, అడుగున గుక్కెడు నీళ్ళతో.