పప్పులో ఎముక

నేను ఒక పప్పుగుత్తిని. నా ఎదుట ఎవరూ కదలడం లేదు. విస్తళ్ళ ముందు కూర్చున్న అయ్యప్ప స్వాములంతా చేతులు గాల్లోనే ఆపేశారు. జొన్నరొట్టెల మీది ఆవిరి ఒక్కటే పైకి లేస్తోంది. గురుస్వామి ఆశన్న తన విస్తరిలోంచి ఒక తెల్లటి ముక్కను తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. గట్టిది. కాస్త వంకర తిరిగింది. అంచుకు గోధుమరంగు పీచు వేలాడుతోంది.

"ఇది బొక్క," అన్నాడు.

మాల వేసుకున్నవాళ్ళ భిక్షలో ఎముక! నిజమైతే ఆ పూట తిన్న ప్రతివాడి దీక్షా చెడినట్టే. అందరి కళ్ళూ వంట స్వామి రాజలింగు మీదికి తిరిగాయి. మాల వేసుకోకముందు అతను మటన్ కొట్టు నడిపేవాడు మరి. బిడ్డ జ్వరంతో కళ్ళు తెరవకుండా పడి ఉన్నప్పుడు, లేచి నడిస్తే కొండకొస్తానని మొక్కుకున్నాడు. బిడ్డ నడిచింది. ఇప్పుడు మెడలోంచి మాల దిగితే ఆ మొక్కు ఏమవుతుంది, బిడ్డ ఏమవుతుంది? అతని చేతిలో నేనున్నాను.

నన్ను నిర్మల్ వైపు ఒక వడ్రంగి చేశాడు. టేకు ముక్కను తరిమెన మీద తిప్పి, తలకు పూరేకుల్లాంటి గాట్లు పెట్టాడు. జాతరలో రాజలింగు తల్లి నన్ను కొన్నది. ఆమె ఉన్నంతకాలం నేను పొయ్యికి రాణిని. ఆమె పోయాక గోడ మేకే నాకు ఇల్లయింది. మేక కాళ్ళకున్న గౌరవం ఆ ఇంట్లో నాకు లేకపోయింది. మనుషుల తీరు విచిత్రం. రోజూ తినాల్సినదాన్ని గోడకు వేలాడదీసి, పండక్కి తినేదాన్ని రోజూ తింటారు.

ఈ చలికాలం రాజలింగు నన్ను దించి, కడిగి, దీక్షలో స్వాములంతా కలిసి ఉండే ఈ పీఠానికి తెచ్చాడు. ఆదిలాబాద్ చలి సంగతి మీకు తెలియంది కాదు. స్వాములు తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుని, పళ్ళు టకటకలాడిస్తూ శరణుఘోష చెబుతారు. "ఆకులు, గింజలు తిని గీ చలికి ఆగుతమా స్వామీ?" అని లారీ డ్రైవరు పోశెట్టి స్వామి మొదట్లో గొణిగాడు. ఆ పోశెట్టే తర్వాత అందరికంటే ముందు విస్తరి పరిచేవాడు. అనుములు మెంతికూరతో ఉడికేవి. గుమ్మడికాయ మీద నువ్వులపొడి పడేది. ఉలవలు పొద్దంతా కాగి నల్లటి చారుగా దిగేవి. రాయిలాంటి ఎండు గింజ నీళ్ళలో ఉబ్బి, మంట మీద పగిలి, నా తల కింద వెన్నలా కరిగేది. కాసేపటికి, చలికి పాలిపోయిన పోశెట్టి చెంపల్లో అదే నెత్తురై ఎర్రగా కనిపించేది. ప్రతిరోజూ నా కళ్ళముందే జరిగినా, ఆ మాయ నాకు పాతబడలేదు.

ఇప్పుడా పోశెట్టే నోరు విప్పాడు. "ఉత్త పప్పుకు గింత రుచి ఉంటదా? నాకు ముందే డౌటొచ్చింది."

"డౌటొచ్చే మల్ల మల్ల ఏసుకున్నవా స్వామీ?" అన్నాడు పక్కాయన. ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు.

"ఎన్ని బొక్కలు కొట్టిన చెయ్యి స్వామీ ఇది," అన్నాడు రాజలింగు. "అది బొక్క కాదు."

"మరేంది?"

దేవుడికి పెట్టకముందు వంటవాడు ఏదీ నాలుక మీద వేసుకోకూడదు. పప్పులో ఏం పడిందో వండినవాడికే తెలియదు.

నాకు తెలుసు. చెప్పడానికి నోరే లేదు. పప్పు ఎనిపాక అతను నన్ను గిన్నె మీద అడ్డంగా పెట్టి, నైవేద్యానికి ముందు మళ్ళీ స్నానానికి వెళ్ళాడు. అప్పుడొక తడి జుట్టు మనిషి లోపలికొచ్చింది. గిన్నెలోకి తొంగిచూసి, "పులుపేది దీంట్ల?" అని సణిగింది. కొంగుముడి విప్పి పిడికెడు ఏదో జారవిడిచి, మూతపెట్టి వెళ్ళిపోయింది.

"మాల తియ్యి స్వామీ," అన్నాడు ఆశన్న.

రాజలింగు చెయ్యి మెడ దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"పప్పు పుల్లగైందా బిడ్డా?"

ఆమె లోపలికొచ్చి అందరి మొహాలూ చూసి, ఆశన్న దగ్గర ఆగింది. "గట్ల జూస్తరేంది? పండు టమాటలు దొరకలే గదా, మామిడి ఒరుగులేసిన. ఎండకాలం మన ఇంటి చెట్టుకు కాసినయే. టెంకతోనే కోసి ఎండబెట్టిన, చీకుతరని."

టెంక! చలికాలంలో మామిడికాయ ఉంటుందని ఎవరు అనుకుంటారు? ఆశన్న చేతిలోని ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. నెమ్మదిగా నోట్లో పెట్టుకుని చీకాడు. అతని కళ్ళు మూతపడ్డాయి. బయట చలిగాలి కోస్తోంది. లోపల అతని నాలుక మీద మే నెల ఎండ కరుగుతోంది. ఒక కాయ ఎండను దాచుకుని, ఇన్ని నెలలు డబ్బాలో కూర్చుని, అవసరమైన రోజున తిరిగి ఇచ్చింది. నేను కదా కర్రను, ఆ క్షణాన అందరూ కర్రలయ్యారు.

రాజలింగు మాల మీంచి చెయ్యి తీసి నేల మీద చతికిలబడి ఏడ్చాడు.

"ఇందాక బొక్క అని గట్టిగ మొత్తుకున్నవ్ గదా స్వామీ," అన్నాడు పోశెట్టి, రొట్టె తుంచుకుంటూ. "ఏసినోల్ల పేరు గూడ గట్లనే చెప్పు. అందరిని ఇననియ్."

గురుస్వామి లేచి నిలబడ్డాడు. రాజలింగు భుజం మీద చెయ్యి వేశాడు. దీక్షలో ఉన్నాక ఏ ఆడమనిషినైనా 'మాతా' అని తప్ప పిలవని పెద్దమనిషి, పీఠమంతా మారుమోగేలా అన్నాడు:

"మా అమ్మ!"