పడవ వాటా

మోహిని వంకాయలు కోస్తోందన్న మాటే గానీ మనసంతా బడిలోనే ఉంది. తీరానికి ఎడంగా టెక్కలిలో పుట్టిన మనిషి, ఉద్దానం తీరంలోని బడిలో కొత్తగా చేరి రోజూ బస్సులో వెళ్లొస్తోంది. మత్స్యకారుల పిల్లలకు నచ్చుతుందని కోరి కోరి చేపల లెక్క ఇచ్చింది. నలుగురు వేటకెళ్లి ఇరవై చేపలు తెస్తే ఒక్కొక్కరికి ఎన్ని? క్లాసంతా నాలుగే అంది. బొమ్మలు గీసి చూపించినా నాలుగే. పొరపాటు ఎక్కడో తేలకపోతే పిల్లలకు లెక్కలంటేనే భయం పట్టుకుంటుంది. తేల్చుకుందామంటే ఈ ఇంట్లో కాసేపు కూర్చునే వీలేదీ?

"మూడో తరగతికి సెప్పడానికి అంత ఆలోసనేటే? ముందు కూర సూడు," అని నవ్వాడు భర్త ఈశ్వర్. చెడ్డవాడేం కాదు. ఆమెకు జ్వరమొస్తే మంచం పక్కనుంచి కదలడు. కానీ ఆలోచించడం కూడా పనే అంటే అతనికి నవ్వొస్తుంది. అత్త నారాయణమ్మయితే "మా కోడలు పిల్లల్ని ఆడించొత్తాది" అని వీధంతా మురిపెంగా చెబుతుంది. ఆ మురిపెమే మోహినికి ఎక్కువ గుచ్చుకునేది.

మర్నాడు తప్పు దిద్దడం మానేసి, అడిగింది.

"మిగిలిన నాలుగు చేపలూ ఎవరివే, భవ్యశ్రీ?"

ఆ పిల్ల మేడమ్‌ని జాలిగా చూసింది. "పడవకి మేడమ్! పడవకి వాటా తియ్యరేటి? అది నేకపోతే యేటకెలాగెల్తారు?"

మోహిని పకపకా నవ్వి దాన్ని దగ్గరకు లాక్కుంది. పిల్లలకు లెక్క వచ్చు. ఆమె ప్రశ్నలోనే పడవ లేదు. ఆ పూటంతా ఇసుకలో గవ్వలు పోసి పడవ ఉన్న లెక్కలూ, లేని లెక్కలూ చేయించింది. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.

తిరుగు బస్సులో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. పడవకు కూడా వాటా తీసేవాళ్ల పిల్లలకు పాఠం చెప్పి, తనకు ఏ వాటా లేని ఇంటికి వెళుతోంది.

సాయంత్రం ఈశ్వర్ ఆ కథంతా విని "బలే పిల్లలే!" అని మురిసిపోయాడు. మోహిని కత్తిపీట తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఈయేల్టి నుంచి సాయంత్రం ఒక గంట నా వాటా, బావా. రేపటి పాఠం సూసుకుంటాను. కూర నీది."

"నాకు కూర ఒండడం రాదు కదే!"

"వత్తాది," అంది మోహిని, అతని పక్కనే పీట వాల్చుకుని. "నీకెలాగ సెప్తే వత్తాదో, బస్సులో అదే ఆలోసించుకుని వచ్చాను."