పోటు గది

ప్రేమమ్మకి అన్యాయం జరిగింది 1961 ఏప్రిల్ పదో తారీకు, సోమవారం నాడు. చేసినవాడు కత్తి పట్టుకుని రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, "కూర్చోండమ్మా" అని మర్యాదగా అని మరీ చేశాడు.

ఆ పొద్దున కూడా ఆమె రోజూలాగే లేచింది. ప్రార్థన చేసుకుంది. గుడివాడ బస్సులో కండక్టరైన మొగుడు దయానందానికి చద్దన్నంలో మజ్జిగ పోసి, ఖాకీ చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టి పంపింది. తర్వాత బందరు మిషన్ బడిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పింది. బడి నుంచి వస్తూ, చెక్కు ఏ రోజుకి ఇస్తారో కనుక్కుందామని ఇళ్ళకి అప్పులిచ్చే సొసైటీ ఆఫీసులో అడుగుపెట్టింది.

ఆమె కొంటున్న ఇల్లు ఉప్పుటేరు పక్క వీధిలో ఉంది. అమ్ముతున్నది అమ్మాజీ గారు, కోర్టు గుమాస్తాగా చేసి పోయినాయన భార్య. ధర నాలుగు వేల ఐదు వందలు. మూడు వేలు అప్పిస్తామని సొసైటీ ఫిబ్రవరిలోనే రాసిచ్చింది. ఆ సంతకాన్ని నమ్మి ప్రేమమ్మ నాగాయలంక దగ్గర పుట్టింటివాళ్ళిచ్చిన అరెకరం అమ్మి పదిహేను వందలు తెచ్చింది, అందులో ఐదు వందలు బయానా ఇచ్చేసింది. ఏప్రిల్ ఇరవైలోగా రిజిస్టరు కాకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది.

"బోర్డువారు రెండు వేల రెండు వందలకి తగ్గించారమ్మా," అన్నాడు సెక్రటరీ వెంకటసుబ్రహ్మణ్యం.

"ఎందుకండీ?"

"మా ఓవర్సీరు పున్నారావు వెళ్ళి కొలిచాడు. నాలుగు గదులని మీరు రాశారు. మూడే ఉన్నాయట."

"ఏ వేళప్పుడు కొలిచాడు?"

సెక్రటరీ కాగితం తిప్పి చూశాడు. "పాటు వేళ."

పున్నారావుది గుడివాడ అవతల. అక్కడ కాలవలో నీళ్ళు లాకులెత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి, ఇళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఉప్పుటేరు పక్కన తాపీమేస్త్రీ ఎవరైనా టేపు విప్పేముందు సముద్రం పోటెక్కి ఉందా, వెనక్కి తీసి పాటు మీదుందా అని అడుగుతాడు. అమ్మాజీ గారింట్లో నాలుగో గది పోటుతో వస్తుంది, పాటుతో పోతుంది. రోజుకి రెండుసార్లు, వంటింటి వెనక. మున్సిపాలిటీవాళ్ళు పన్ను మాత్రం నాలుగింటికీ వసూలు చేస్తున్నారు.

"మరి పోటు వేళ మళ్ళీ కొలిపించండి."

"లాభంలేదమ్మా. రేపు మీరు బాకీ కట్టలేక మేం వేలం వేయాల్సి వస్తే, ఆ పూట పోటుంటుందో పాటుంటుందో."

"పాటు వేళ వడ్డీ కూడా తగ్గించుకుంటారా అయితే?"

"మీ నోటికి దణ్ణం పెట్టాలి."

"నా నోటి సంగతి ఎందుకండీ. ఫిబ్రవరిలో మీ సంతకం ఏ వేళ పెట్టారు, పోటప్పుడా?"

సెక్రటరీ ఇంకో ఫైలు తెరిచాడు. ఆ వారమే బోర్డులో ఒకాయన బావమరిదికి గుడివాడలో రైసుమిల్లు షెడ్డు కోసం అడిగినదానికన్నా ఎక్కువే మంజూరైంది. దయానందం ఆ సంగతి బస్సులో విన్నాడు. బస్సులో వినపడనిది ఏముంటుంది.

"బయానా వదిలేసుకుందామా?" అన్నాడు రాత్రి అన్నం దగ్గర.

"అదేమన్నా మీ చొక్కా బొత్తామా, ఊడితే వదిలేయడానికి?" అంది ప్రేమమ్మ.

మర్నాడు పాటు వేళ వెళ్ళేసరికి అమ్మాజీ గారు ఇత్తడి గిన్నెలు ట్రంకుపెట్టెలో సర్దుకుంటోంది. గుడివాడలో తమ్ముడింటికి ప్రయాణం. ఇల్లమ్మిన డబ్బు అతని చేతిలో పెడితే చూసుకుంటానన్నాడు. వాళ్ళది పెద్ద సంసారం, వంటమనిషిని మొన్ననే మానిపించారు.

ఆవిడ గాజు గ్లాసులో కాఫీ ఇచ్చింది. తను ఇత్తడి గ్లాసులో పోసుకుంది. ప్రేమమ్మ ఆ తేడా చూసింది, చూసే తాగింది. అప్పు తగ్గిన సంగతి చెప్పింది.

"ఎనిమిది వందలు తక్కువంటే మా తమ్ముడు ఒప్పుకోడమ్మాయ్."

"ఇల్లు అమ్మేది మీ తమ్ముడా, మీరా?"

ఆవిడ జవాబు చెప్పేలోగా పోటెక్కింది. వంటింటి వెనక గోడ, కొయ్య పడవ ఒడ్డుకి ఆనినట్టు చిన్నగా కిర్రుమంది. ఉప్పు వాసనతో తలుపు తెరుచుకుంది. అమ్మాజీ గారు మాట ఆపకుండానే లోపలికి వెళ్ళి చాప దులిపింది. ఏటి వైపు కిటికీ, గూట్లో దీపం, దండెం మీద రెండు తెల్లచీరలు.

"పాటు వేళ లోపలే ఉండిపోతే ఏమవుతుందండీ?"

"ఏమవుతుంది, నిద్ర పడుతుంది. చల్లగా ఉంటుంది. పోయిన ఏడు మా పిల్లి ఉండిపోయి, తిరిగి పోటుకి చేపని కొరుక్కుంటూ వచ్చింది. మా ఇంటి పిల్లికి చేప ఎక్కడిదో."

ప్రేమమ్మ గడప మీద కూర్చుంది. "గుడివాడలో మీకు ఏ గది ఇస్తారట?"

"వసారా," అంది ఆవిడ, చీర మడత పెడుతూ.

"సొసైటీవాళ్ళు ఈ గది లేదంటున్నారు. లేనిదాన్ని నేనెందుకు కొనాలి? మూడు గదులకి మూడు వేల ఏడు వందలిస్తాను. నాలుగోది మీరే ఉంచుకోండి. వంటింట్లోంచి దారి మీదే."

అమ్మాజీ గారు మడతపెట్టిన చీరనే మళ్ళీ మడతపెట్టింది.

"నువ్వు మాంసం వండుతావు."

"ఆదివారం వండుతాను."

"ఆ పూట పాటులో ఉండిపోతాలే."

పంతొమ్మిదో తారీకు రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు చదివారు. దక్షిణపు హద్దు, అమ్మాజీ గారి పోటు గది. రిజిస్ట్రారు కళ్ళజోడు పైకి తోసి, "పాటు వేళ హద్దెవరిది?" అని అడిగాడు. "ఉప్పుటేరుదండీ," అన్నాడు రాతగాడు. ఆయన తలూపి సంతకం పెట్టాడు. చెక్కు తెచ్చిన సెక్రటరీ మాత్రం గొంతు తగ్గించి, "ఆ గదిని కూడా తనఖాలో చేర్పించకూడదూ," అన్నాడు అమ్మాజీ గారితో.

"లేదని మీరే రాశారుగా నాయనా," అందావిడ.

మర్నాడు తమ్ముడు అక్కనీ, డబ్బునీ తీసుకెళ్ళడానికి దిగాడు. పాటు వేళ దిగాడు. ప్రేమమ్మ వీధరుగు మీద కుట్టుమిషను తొక్కుతోంది.

"మా అక్కయ్య ఏదీ?"

"తన గదిలో ఉన్నారండీ. గది ఇంకా రాలేదు. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. లేచాడు. వంటింటి గోడ తట్టి చూశాడు. పోటు ఎక్కడానికి ఇంకా చాలా పొద్దుంది, గుడివాడకి దయానందం బస్సు హారను కొడుతోంది. ఉత్తరం రాస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

పోటుతో తలుపు తెరుచుకున్నాక అమ్మాజీ గారు జుట్టు ముడివేసుకుంటూ వచ్చింది. "వెళ్ళాడా?"

"వెళ్ళారు."

"నిద్ర బాగా పట్టింది," అని, ఆవిడ కుంపటి రాజేసింది.

శనివారం ఇద్దరూ కలిసి పోస్టాఫీసుకి వెళ్ళారు. బయానాతో సహా, అమ్మాజీ గారి సొంత పేరు మీద, 22-4-1961న జమ: మూడు వేల ఏడు వందల రూపాయలు.